గడ్డి పంపిన వాళ్లకీ, "ఇక మాకు చాలు" అన్న కబురు అందరికీ చేర్చిన వాళ్లకీ మా లంక తరఫున కృతజ్ఞతలు

2022 జూలై వరదల్లో మా ఊరిని ఆదుకున్న అందరికీ నమస్కారం. పేర్లు వేస్తామంటే చాలామంది వద్దన్నారు. అందుకే ఎవరు ఏం చేశారో చెప్పుకుంటూ పోతాను, చదివినవాళ్లకి తమ గురించేనని తెలుస్తుంది. నేను ఇక్కడి హైస్కూల్లో సోషల్ చెబుతాను. డ్వాక్రా సంఘం ఆడవాళ్లు "మీరే రాయండి టీచరు గారూ" అంటే ఊరందరి తరఫున రాస్తున్నాను.

కోనసీమ లంకలు తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. లంకలంటే గోదావరి పాయల మధ్య దీవుల్లా ఉండే ఊళ్లు. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, ఆ తర్వాత ఇంత నీరు ఇదే. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. భద్రాచలంలో పెరిగిన నీరు మా దాకా రావడానికి కాస్త వ్యవధి పడుతుంది కాబట్టి మనుషులం, గొడ్లు ఏటిగట్టు ఎక్కగలిగాం. అరటి తోటలు, కూరగాయల పాదులు, దింపు తీసి రాశి పోసిన కొబ్బరికాయలు మాత్రం ఏటి పాలయ్యాయి.

కరెంటు లేదు. ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించి ఛార్జింగ్ పెట్టుకున్న ఫోన్లే దిక్కు. మా పదో తరగతి కుర్రాడు గట్టు మీద నుంచి తీసిన చిన్న వీడియో కువైట్‌లో, మస్కట్‌లో పని చేస్తున్న మా ఊరి ఆడపిల్లల ఫోన్లకు వెళ్లింది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పాకింది. సాయంత్రానికల్లా పులిహోర పొట్లాలు, వాటర్ ప్యాకెట్లు, బట్టల మూటలు వచ్చాయి. ఆ పూట అన్నం పెట్టిన చేతులను మేం మర్చిపోం. అయితే వచ్చిన వ్యాన్లన్నీ తారు రోడ్డు ఉన్నంతవరకే వచ్చి మా గట్టు దగ్గర ఆగాయి. నాటు పడవ మీద ఇంకో పాయ దాటితే గానీ చేరలేని లంకల్లో సిగ్నల్ లేదు, కాబట్టి వీడియో లేదు, కాబట్టి వ్యాను లేదు. మా దగ్గర పొట్లాలు మిగిలి పాచిపోతుంటే వాళ్లు తాగే నీళ్లకి కటకటలాడారు.

క్లాసులో ఇథియోపియా కరువు గురించి పిల్లలకు చెబుతుంటాను. 1984 అక్టోబరులో బీబీసీ ఆ దృశ్యాలు చూపించేదాకా ప్రపంచం పెద్దగా కదల్లేదు, చూపించాక విరాళాలు వెల్లువెత్తాయి. అప్పటికే అక్కడ ఎంతోమంది చనిపోయారు. మన దగ్గర 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. జనానికి తెలిసిన ముఖం అడిగితే చేతులు జేబుల్లోకి వెళ్తాయి. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. ఏ ఊరు తెర మీద కనపడితే ఆ ఊరికి సాయం వెళ్తుంది. అందుకే కనపడని ఊళ్లను వెతికిన వాళ్లకి నా మొదటి కృతజ్ఞత.

వాళ్లు రాజమండ్రిలో చదువుకునే పిల్లలు. ఏమీ పంపకముందే ఫోన్ చేసి "మీకేం కావాలి మేడం?" అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఊరి పేరు, ఎన్ని కుటుంబాలు, ఏం అందింది, ఏం అందలేదు, ఆ సంగతి ఎవరు ఎప్పుడు చూసి చెప్పారు, అన్నీ ఒక షీట్‌లో రాసి అందరికీ కనపడేలా పెట్టారు. 2018లో కేరళ వరదలప్పుడు అక్కడి కుర్రాళ్లు ఇలాగే ఫోన్ల మీద జాబితాలు నడిపి పడవలను దారి మళ్లించారని వాళ్లే చెప్పారు. పాత వరదల ఫొటోలు మా ఊరి పేరుతో తిరుగుతుంటే పట్టుకుని తీయించారు. మాకు సరిపడా వచ్చాక "ఈ ఊరికి ఇక చాలు, పక్క లంకలకి క్లోరిన్ బిళ్లలు, టార్పాలిన్లు, ఆడవాళ్లకి ప్యాడ్లు పంపండి" అని పోస్ట్ పెట్టారు. మా వాళ్లలో కొందరికి అది నచ్చలేదు. నాకు మాత్రం అంతకన్నా మంచి పోస్ట్ ఇంకొకటి కనపడలేదు.

మా వీధి మామ్మగారి సంగతి చెప్పాలి. ఒక యూట్యూబ్ ఛానల్ కుర్రాడు ఆవిణ్ణి నడుం లోతు నీళ్లలోకి దిగి ఏడవమన్నాడు. ఆవిడ దిగలేదు. మర్నాడు ఆ కాలేజీ పిల్లల్లోనే ఒకమ్మాయి వచ్చి "వీడియో తియ్యొచ్చా మామ్మగారూ?" అని అడిగింది. "ఉండమ్మా, తల దువ్వుకొస్తాను" అంది ఆవిడ. దువ్వుకుని, పైట సర్దుకుని, గేదె పక్కన నిలబడి, "మాకు అన్నాలు అందుతున్నాయి బాబూ, ఇదే రెండు రోజులై పస్తుంది, గడ్డి పంపండి" అని చెప్పింది. అంతే వీడియో. తణుకు వైపు రైతులు దాళ్వా గడ్డి ట్రాక్టర్లకెత్తి పంపారు. గట్టు మీద మోపులు దించుతుంటే కట్లు తెంచుకుని వచ్చాయి గొడ్లు. విపత్తులో చిక్కుకున్న వాళ్లను దిక్కులేని వస్తువుల్లా కాకుండా గౌరవమున్న మనుషుల్లా చూపించాలని రెడ్ క్రాస్, స్వచ్ఛంద సంస్థలు 1994లోనే నియమావళిలో రాసుకున్నాయి. ఆ అమ్మాయి అది చదివిందో లేదో గానీ దాన్ని మా గట్టు మీద చేసి చూపించింది. తల్లీ, నీకు మామ్మగారు ప్రత్యేకంగా ఆశీస్సులు చెప్పమన్నారు.

కువైట్‌లో ఉన్న మా చెల్లెమ్మకి ఇంకో కృతజ్ఞత. మా వీడియో మీద ఎవరో తమ క్యూఆర్ కోడ్ అతికించి డబ్బు దండుకోవడం మొదలుపెట్టారు. ఇళ్లలో పని చేసుకునే అమ్మాయి, జీతంలోంచి పంపబోతూ, స్కాన్ చేస్తే వచ్చిన పేరు మా ఊరివాళ్లది కాదని అనుమానించి, వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ ఒక్క మెసేజ్ వల్ల ఎంతమంది డబ్బు మిగిలిందో.

పడవలు నడిపిన మత్స్యకార సోదరులు ఏ వీడియోలోనూ కనపడరు. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. వరద తీశాక కెమెరాలు వెళ్లిపోతే, ఇంట్లో మోకాలెత్తు బురద ఉన్నప్పుడు మళ్లీ వచ్చి, కౌలు రైతుల పేర్లు పంట నష్టం జాబితాలో లేవని రాసిన మా మండల విలేకరి గారికి కూడా ఊరంతా రుణపడి ఉంది.

వచ్చిన డబ్బు లెక్క, బిల్లులతో సహా, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాం. ఫొటోలు కింద ఉన్నాయి. మిగిలింది చేతిపంపుల చుట్టూ గట్లు ఎత్తు చేయడానికి వాడుతున్నాం. ఇక మా ఊరి పేరుతో ఎవరూ విరాళాలు అడగడం లేదు. పాత వీడియో ఇంకా తిరుగుతోంది, అందులో ఏ కోడ్ కనపడినా దయచేసి డబ్బు వేయకండి.