నరాల జబ్బులన్నిటికీ మేనరికమే మూలమా?

సంపాదకులకు,

అయ్యా,

కోనసీమలో కొన్ని కుటుంబాలను తరతరాలుగా వదలని నరాల జబ్బుల గురించి మీ పత్రికలో ఆదివారం వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి అర పేజీ ఇచ్చినందుకు సంతోషించాను గానీ, ఈ జబ్బులన్నిటికీ మేనరికమే మూలమని, అది మానేస్తే ఇవీ పోతాయని వ్యాసకర్త తేల్చేసిన తీరు మాత్రం నాకు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాడిగానూ, అంతకంటే ముఖ్యంగా అలాంటి జబ్బు ఉన్న ఇంటికి అల్లుడిగా వెళ్లినవాడిగానూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మామగారిది గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఒక లంక గ్రామం. మా అత్తగారిది పశ్చిమ డెల్టాలో ఊరు. పెళ్లికి ముందు ఆ రెండు కుటుంబాల మధ్య ఏ చుట్టరికమూ లేదు. మామగారికి నలభై అయిదో ఏట నడక తూలడం మొదలైంది. మా పెద్ద బావమరిదికి ముప్పై అయిదుకే మొదలైంది. ఆయన పంటు దిగి గట్టెక్కుతూ అటూ ఇటూ ఒరిగితే, పొద్దున్నే పట్టించి వచ్చాడని రేవులో ఉన్నవాళ్లు నవ్వుకునేవారు. జన్మలో చుక్క ముట్టని మనిషి ఆయన. నేను పట్టించుకున్నది నడక కాదు, కళ్లు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ముందు తల తిరిగేది, దాని వెనక ఎప్పటికో చూపు వచ్చేది. పేపరు చదువుతూ ఒక వరుస చివరి నుంచి తర్వాతి వరుస మొదటికి చూపు మళ్లించలేక, అక్కడ వేలు ఆనించుకునేవారు.

చివరికి ఆ కళ్లే జబ్బు పేరు పట్టించాయి. కళ్ల కదలిక ఇలా మందగించే వంశపారంపర్య వ్యాధిని 1971లోనే బొంబాయికి చెందిన నరాల వైద్యుడు డాక్టర్ నోషిర్ వాడియా భారతీయ కుటుంబాలలో గుర్తించి, అదొక కొత్త రకమని వైద్య పత్రికలో వివరించారు. దానికి కారణమైన జన్యువు 1996లో దొరికింది. స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా రెండో రకం అని ఇప్పుడు పిలిచే వ్యాధి ఇదే. పన్నెండో క్రోమోజోము మీద ఉన్న ఒక జన్యువులో సి-ఏ-జి అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల ముక్క మామూలుగా ఇరవై రెండు సార్లకు అటూ ఇటూగా వరసగా వస్తుంది. అది 33 సార్లు, అంతకు మించి వస్తే చిన్నమెదడు క్రమంగా దెబ్బతింటుంది. అలా పొడవు పెరిగిన జన్యువు నకలు అమ్మ నుంచి గానీ నాన్న నుంచి గానీ ఒక్కటి వస్తే చాలు, రెండోది అక్కర్లేదు. కాబట్టి జబ్బు ఉన్న మనిషి మేనమామ కూతుర్ని చేసుకున్నా, ముక్కూ మొహం తెలియని ఇంటి అమ్మాయిని చేసుకున్నా, పుట్టే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. తరం మారినప్పుడు ఆ వరుస ఇంకా సాగవచ్చు, అందుకే కొడుక్కి తండ్రి కంటే చిన్న వయసులో జబ్బు బయటపడవచ్చు. మా ఇంట్లో జరిగింది అక్షరాలా ఇదే. మా అత్తగారు మాత్రం తాను బయటి సంబంధం కాబట్టి తన కాలు మంచిది కాదని ఊరు అన్న మాటను చివరిదాకా మోశారు.

ఇక ఈ జబ్బులు అన్ని జనాలలోనూ ఒకేలా ఉండవన్న సంగతిని వ్యాసం అసలు ముట్టుకోలేదు. మా ఇంటి రకం ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది క్యూబా దేశంలోని ఓల్గిన్ ప్రాంతంలో. అక్కడ లక్ష మందిలో సుమారు నలభై మందికి ఉంది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులలో ఇదే అటాక్సియాలో మూడో రకం ఎక్కువ. పన్నెండో రకం చేతి వణుకుతో మొదలవుతుంది. మిగతా ప్రపంచంలో అరుదైన ఆ రకం ఉత్తర భారతంలోని అగర్వాల్ కుటుంబాలలో మాత్రం తరచుగా కనిపిస్తుంది. ఇలాగే మూడక్షరాల వరుస పెరిగి వచ్చే మరో నరాల జబ్బు హంటింగ్టన్ వ్యాధి యూరోపియన్ సంతతిలో ఉన్నంతగా జపాన్, చైనాలలో లేదు. ఆ జన్యువులో ఉండే మూడక్షరాల వరుస సగటు పొడవు యూరోపియన్లలో కాస్త ఎక్కువ కావడం అందుకు ఒక కారణంగా చెబుతారు.

ఈ తేడాలు తెలియకపోతే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. మా బావమరిదికి మొదట చేయించినది ఎక్సోమ్ పరీక్ష. వేల జన్యువులను ఒక్కసారే చదువుతుందని చెప్పి రక్తం తీసుకున్నారు. రెండు దింపుల కొబ్బరి డబ్బు దానికే సరిపోయింది. దోషమేమీ కనబడలేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం చూసుకుని ఇది వంశంలోది కాదని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. ఏడాదిన్నర తర్వాత హైదరాబాదులో ఒక న్యూరాలజిస్టు ఆయన కళ్లను రెండు నిమిషాలు చూసి, మూడక్షరాల వరుసలు పెరిగే జబ్బులు మామూలు ఎక్సోమ్ పరీక్షకు సాధారణంగా దొరకవని, ఆ వరుస పొడవు కొలిచే చిన్న పరీక్ష విడిగా చేయించాలని చెప్పారు. దాని ఖర్చు మొదటిదానిలో చాలా తక్కువ వంతు. మొదటి రిపోర్టు ఇచ్చినచోట ఆ ముక్క ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడగనూ లేదు.

మేనరికానికి ఏ పాపమూ తెలియదని నేను అనడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యనే జరుగుతున్నాయి. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిన జన్యువు నకళ్లు రెండూ వస్తేనే బయటపడే జబ్బుల విషయంలో వ్యాసకర్త మాట నిజమే. విల్సన్ వ్యాధి అలాంటిది. ఒంట్లో చేరిన రాగి బయటకు పోక కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుంది. చదువుకునే పిల్లవాడి చేతిరాత చెడుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. గాలి సోకిందని తాయెత్తులు కట్టించిన ఇళ్లు నాకు తెలుసు. త్వరగా గుర్తిస్తే దీనికి మందులున్నాయి, అయితే అవి జన్మంతా వాడాలి. యూరప్ రోగులలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జన్యుమార్పు మన దేశపు రోగులలో దాదాపు కనిపించదు, చైనా, జపాన్ రోగులలో ఎక్కువగా ఉండేది మరొకటి. అక్కడి జాబితాను ముందు పెట్టుకుని ఇక్కడి బిడ్డ రక్తం చూస్తే, జబ్బు ఉండి కూడా లేదనిపించుకోవచ్చు.

మరొక సంగతి. రెండు ఇళ్ల మధ్య చుట్టరికం లేకపోయినా, వేల ఏళ్లుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకుంటూ వస్తే మేనరికం చేసే పని కొంత అది కూడా చేస్తుంది. ఒకే తల్లిచెట్టు కాయలు నాటి తోటంతా పెంచినవారికి ఇది వివరించనక్కర్లేదు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వాటిలో 81 సమూహాలు ఫిన్లాండ్ ప్రజల కంటే, యూరప్ యూదుల కంటే కూడా ఇరుకైన మూలాల నుంచి, అంటే కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చాయని తేలింది. పెనుగొండ వాసవీ కన్యకా పరమేశ్వరిని కొలిచే వైశ్యులలో ఒక ఎంజైము లోపం ఇతరులలో కంటే సుమారు నూరు రెట్లు ఎక్కువ. అది జబ్బు కాదు, రోజువారీ జీవితంలో తెలియను కూడా తెలియదు. కానీ ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందు, మామూలుగా కొద్ది నిమిషాలలో దిగిపోవలసినది, వీరిలో కొందరికి గంటల తరబడి దిగదు, అంతసేపూ యంత్రంతో శ్వాస ఇవ్వాలి. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. ఇలా ఒక సమూహం పేరు చెప్పడం ఆ సమూహాన్ని తక్కువ చేయడం కాదు. ఏ కులాన్ని చూసినా దాని సొంత లెక్క ఏదో ఒకటి ఉండే ఉంటుంది, మనం ఇంకా చూడలేదు, అంతే.

జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద పదివేల మంది భారతీయుల జన్యుక్రమాల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఇవన్నీ మంచివే గానీ, తూలి నడిచే మనిషిని లంక నుంచి హైదరాబాదుకు తీసుకెళ్లడమంటే ఇంట్లో మరో ఇద్దరి కూలి మూడు రోజులు పోవడమే. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోనూ, రాజమహేంద్రవరం బోధనాసుపత్రిలోనూ వారానికి ఒక పూటైనా వంశపారంపర్య నరాల జబ్బులకు విడిగా ఓపీ నడపాలని, అక్కడ వంశవృక్షం రాసుకుని, ఏ పరీక్ష అవసరమో తేల్చి, రక్తం మాత్రమే హైదరాబాదుకు పంపే ఏర్పాటు చేయాలని వైద్య ఆరోగ్యశాఖను కోరుతున్నాను. ఫలితం చెప్పేటప్పుడు కూర్చోబెట్టి వివరించే మనిషి కూడా ఉండాలి. పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్న భయంతో జబ్బును దాచే ఇళ్లే ఎక్కువ, కాబట్టి ఆ వివరాలు గోప్యంగా ఉంచడం తప్పనిసరి.

మా మామగారి వంశంలో నాలుగు తరాలను ఒక డ్రాయింగ్ షీటు మీద గీసి పెట్టాను. ఎవరికి ఏ వయసులో నడక తప్పిందో పక్కనే పెన్సిలుతో రాశాను. అత్తగారి పేరు పక్కన ఖాళీగా ఉంది. ఆ ఓపీ తెరిచిన రోజున దాన్ని అక్కడి డాక్టరుగారికి ఇవ్వడానికి మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం