పన్ను కౌంటర్ గోడ మీద నాలుగు వరుసల కోసం: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నిన్న ఇంటి పన్ను క్యూలో నిలబడితే చీరాల-పేరాల గుర్తొచ్చింది. ఆ రెండు ఊళ్లనూ కలిపి తెల్లదొరలు మున్సిపాలిటీ చేసేసరికి పన్ను దాదాపు పది రెట్లయింది. మగ్గం మీద బతికేవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలమంది ఇళ్లు వదిలి, పొలిమేర అవతల పాకలేసుకుని ‘రామనగర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన్ని జైల్లో పెట్టినా దాదాపు 11 నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. మున్సిపాలిటీ ఉంది, పన్ను కట్టే మనిషి లేడు! దొరలకెంత టెన్షన్ పట్టుకుందో.

ఈ సంగతి మన పన్ను కౌంటర్ల గోడల మీద నాలుగు వరుసల్లో రాయించండి. జనం చదువుకుంటారు. క్యూలో ఎలాగూ అరగంట పడుతోంది.

ఇట్లు,
గడువులోగా పన్ను కట్టే ఒక పౌరుడు