కరెంటు ఎప్పుడొస్తుందో ఆ ఒక్క మాట చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో నడుములోతు నిలిచిన వరద నీళ్లు మూడో రోజుకి తీశాయి గానీ, కరెంటు రావడానికి ఆ తర్వాత ఇంకో ఆరు రోజులు పట్టింది. మధ్యలో కుళాయి వచ్చింది, ఆ నీళ్లు తాగొచ్చో కూడదో చెప్పిన మనిషి లేడు. ఆలస్యమైందని ఎవరినీ తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నానిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు ఆరబెట్టి, ఒక్కొక్కటీ చూసుకోకుండా లైను ఇచ్చేస్తే మనుషులే పోతారని నాకూ తెలుసు, ఆ బురదలో స్తంభాలెక్కిన లైన్‌మన్లను కళ్లారా చూశాను. నా బాధల్లా ఒక్కటే. "ఇవాళ రాదు, రేపు సాయంత్రం మళ్లీ చెబుతాం" అన్న చిన్న మాట ఆ ఆరు రోజుల్లో మాకు ఒక్కరు కూడా చెప్పలేదు.

ఆ మాట లేకపోతే ఇళ్లలో ఏం జరుగుతుందో రాస్తాను.

నీళ్లు తీసిన మర్నాడు పొద్దున్నే కింది వాటాలో ఉండే పెద్దాయన స్క్రూడ్రైవరు పట్టుకుని హాల్లో స్విచ్ బోర్డు విప్పబోయారు. గోడ మీద నీటి మరక బోర్డుకి జానెడు కిందే ఆగింది, కానీ చెమ్మ పైకి పాకి సున్నం పొరలుగా ఊడిపోతోంది. మెయిన్ కట్టేసే ఉంది కదా అని ఆయన ధైర్యం. అటక మీద ఇన్వర్టరు ఉందని, రాత్రిపూట ఒక్క లైటు కోసం దాన్ని పొదుపుగా వాడుతున్నారని ఆ క్షణంలో ఆయనకే గుర్తు లేదు. మెయిన్ కట్టినా ఇన్వర్టరు ఇంట్లో వైర్లకి కరెంటు ఇస్తూనే ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలి. మా అబ్బాయి చూసి అరిచాడు కాబట్టి సరిపోయింది. "ఎప్పుడిస్తారో తెలిస్తే ఊరుకునేవాణ్నమ్మా, ఈలోపే లైను ఇచ్చేసి ఇల్లు అంటుకుంటుందేమోనని టెన్షన్" అన్నారాయన. జీవితమంతా జాగ్రత్తగా బతికిన మనిషి.

రెండిళ్ల అవతల వాళ్లు జనరేటరు తెచ్చారు. వానకి తడుస్తుందని వరండాలో తలుపు పక్కనే పెట్టారు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. ఆరుబయట, తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి. పైగా దాని వైరు తీసుకెళ్లి ఇంట్లో ప్లగ్గులో గుచ్చేస్తారు కొందరు. అలా చేస్తే ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి బయటి లైనెక్కుతుంది, లైను ఆగిపోయి ఉందని నమ్మి స్తంభమెక్కినవాడి ప్రాణం తీస్తుంది. మన కోసం వచ్చినవాణ్ని మనమే చంపుకున్నట్టు. ఇంకొక్క రోజులో వస్తుందని తెలిసిన ఇంట్లో ఎవరూ జనరేటరు కోసం పరుగెత్తరు కదా.

నీళ్ల సంగతి దీనికంటే ఘోరం, ఎందుకంటే అది కంటికి కనబడదు. ఐదో రోజు తెల్లవారుజామున మా కుళాయి గుడగుడమంది, ముందు గాలి, ఆ తర్వాత టీ రంగులో నీళ్లు, పావుగంటకి తేటపడ్డాయి. తేటపడ్డాయి కదా అని వీధి వీధంతా బిందెలతో ఎగబడ్డాం, నేను కూడా. పంపులకి కరెంటు లేక గొట్టాలు ఖాళీ అయిపోతే లోపల ఒత్తిడి ఉండదు, ఎక్కడ చిన్న చీలికున్నా చుట్టూ నిలిచిన మురుగుని లోపలికి లాగేసుకుంటాయి. అందుకని మళ్లీ మొదటిసారి వచ్చే నీళ్లనే ఎక్కువ అనుమానించాలి. గుడ్డలో వడకట్టి, సలసల మరిగాక ఇంకో నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. పొయ్యి లేనివాళ్లు క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. డీజిల్ గానీ పురుగుమందు గానీ కలిసి ఉంటే మాత్రం మరిగించినా పోదు, ఆ నీళ్లు పారబోయడమే. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ వారంలో మా వరసలో నాలుగిళ్లలో విరేచనాలు పట్టుకున్నాయి. కుళాయి తిప్పే ముందు మైకులో "రెండు రోజులు మరిగించి తాగండి" అని ఒక్కసారి అరిచి ఉంటే ఎంత బావుండేది.

ఇప్పుడు నేను అడిగేది. వరద తర్వాత రోజుకి రెండుసార్లు, ఫలానా టైముకి అని ముందే చెప్పి, ఆ టైముకి కచ్చితంగా ప్రకటన ఇవ్వండి. చెప్పడానికి కొత్త సంగతేమీ లేకపోతే లేదనే చెప్పండి, అదీ మాకు వార్తే. ఫోనులో మెసేజ్ పెట్టాం అంటే కుదరదు, కరెంటు పోయాక టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే వస్తాయి, ఆ తర్వాత చేతిలో ఫోనున్నా లేనట్టే. ఆటోకి మైకు కట్టి తిప్పండి, కూడలిలో ఒక బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. ఏ వీధికి ముందు ఇస్తున్నారో, ఎందుకో కూడా రాయండి. ఆస్పత్రికీ పంపుహౌసుకీ ముందు ఇస్తున్నామంటే ఏ ఒక్కరూ గొడవ చేయరు, చెప్పకుండా పక్క వీధికి ఇస్తేనే జనం రోడ్డెక్కుతారు. నీళ్లు ఆగిన చోటే మళ్లీ నేలమట్టానికి సబ్‌స్టేషను పెట్టకుండా ఎత్తు చేయమని కూడా అడగాలి గానీ, అది పెద్ద ఖర్చు, ఏళ్లు పడుతుంది. బోర్డుకి, సుద్దముక్కకి ఏళ్లు పట్టవు. ఫోన్లు పోయిన ఆ రోజుల్లో మాకు అందింది పేపరొక్కటే, కాబట్టి మీరు కూడా అలాంటప్పుడు మొదటి పేజీలో ఈ వివరాలకి కొంచెం చోటివ్వండి.

మా వంతు మేం ఊరికే కూర్చోలేదు. ఏడో రోజు నేనూ, మేడ మీది అమ్మాయీ ఇంటింటికీ తిరిగి ఒక నోటుపుస్తకం కాగితం మీద రాసుకొచ్చాం: ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్న తాతగారు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే ఆయన, ఫ్రిజ్ ఆగిపోయిందని ఇన్సులిన్ పారేయబోయిన ఆవిడ (చాలా రకాలు 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు ఉంటాయట, పెట్టె మీద చూసుకోవాలి), నెలల పిల్లలు ఇద్దరు, మంచం దిగలేనివాళ్లు. మొత్తం పదకొండు పేర్లు. పట్టుకుని రెండు ఆఫీసులు తిరిగాను, ఇది మా పని కాదన్నారు రెండుచోట్లా. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే వానలకి ముందు దాన్ని ఎవరి చేతికివ్వాలో చెబితే, పేర్లు మళ్లీ సరిచూసి నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు