వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విశాఖలో ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టినవాళ్ళు చాలామంది మన అక్వేరియం సంఘంలో చేరారు. వాళ్ళలో ఎక్కువమంది కోరిక ఒకటే: క్లౌన్ చేపల జంట, దానికి తోడు ఒక ఎనిమోన్ (ఆ చేపలు ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే సముద్రజీవి). ట్యాంకు పెట్టి ఆరు నెలలు నిండనివారికి సంఘం తరఫున ఎనిమోన్ ఇవ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది. కొందరు నొచ్చుకున్నారు. అయినా ఈ ఏడాది మనం చేసిన మంచి పనుల్లో ఇది ముఖ్యమైనదని నా నమ్మకం.

కారణం సమావేశాల్లో చెప్పిందే, రాలేకపోయినవారి కోసం మళ్ళీ రాస్తున్నాను. ట్యాంకు పెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల్లో నీటిలోని విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వస్తాయి. అది గట్టి చేపలకు సరిపోతుంది, ఎనిమోన్‌కు చాలదు. కొత్త ట్యాంకులో ఉప్పు శాతం, ఆల్కలినిటీ (క్షార గుణం), వేడి ఇంకా ఊగుతూనే ఉంటాయి. ఎనిమోన్‌కు చేపలా పొలుసు లేదు, నత్తలా గుల్ల లేదు, నీటిలో వచ్చిన ప్రతి తేడా నేరుగా ఒంటికి తగులుతుంది. చచ్చిపోతే అదొక్కటే పోదు. కుళ్ళి నీళ్ళు పాడుచేసి, పక్కనున్న చేపల్ని కూడా తీసుకుపోతుంది.

నెలవారీ ఇంటి సందర్శనల్లో ఎక్కువగా కనిపించిన పొరపాటు టాప్-అప్‌లో, అంటే తగ్గిన నీటిని మళ్ళీ నింపడంలో. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. తగ్గిన నీటికి బదులు మళ్ళీ ఉప్పునీరు పోస్తే కొద్దిరోజులకే శాతం పెరిగిపోతుంది. ఆర్వో నీళ్ళే పోయాలి, వీలైతే రోజూ. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 దగ్గర, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా అది కష్టం. బీచ్ నుంచి క్యాన్లతో నీళ్ళు తెచ్చుకునేవారికి ఒక మాట: వర్షాకాలం తర్వాత నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పు బాగా తగ్గుతుంది. పరీక్షించకుండా పోయవద్దు. చేపల జబ్బుకు ఎప్పుడైనా రాగి మందు వాడిన ట్యాంకైతే ఎనిమోన్ ఆలోచనే మానుకోవాలి. నీటిని కదిలించే ఫ్యాన్, అంటే వేవ్‌మేకర్‌కు జాలీ తప్పనిసరి. ఎనిమోన్ తనకు నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తూనే ఉంటుంది, ఫ్యాన్‌లో పడితే మిగలదు.

కొనేటప్పుడు చూడాల్సినవి కార్డుగా అచ్చువేసి పంచాం. తెల్లగా మెరిసేది అందంగా కనబడుతుంది కానీ అది పాలిపోయినది. ఒంట్లో ఉండి వెలుతురుతో ఆహారం తయారుచేసి పెట్టే శైవలాలు దానిలో మిగల్లేదు. నోరు తెరుచుకుని వేలాడుతున్నదాన్ని, పాదం చిరిగినదాన్ని తీసుకోవద్దు. రాయికి అంటుకున్నదాన్ని గోకి తీయనివ్వద్దు, రాయితో సహా తెచ్చుకోండి. మేతగా శనగగింజంత రొయ్య ముక్క వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మొదటిసారి పెంచేవారు బబుల్ టిప్ రకం ఎనిమోన్‌తోనే మొదలుపెట్టండి. కార్పెట్ రకం జోలికి అప్పుడే పోవద్దు.

ఇక ఈ సంవత్సరం మనందరం గర్వపడాల్సిన సంగతి. సంఘం ట్యాంకులోని బబుల్ టిప్ వేసవిలో రెండుగా చీలింది. పాదం రెండు వైపులకు లాగుకుంటూ నిలువునా విడిపోయింది. మొదట అందరికీ టెన్షనే. ఒత్తిడికి గురైనా ఎనిమోన్లు అలా చీలతాయి కాబట్టి అన్ని టెస్టులూ మళ్ళీ చేశాం, నీరు బాగానే ఉంది. గాయాలు మానాయి, రెంటికీ నోరు సరిగ్గా ఏర్పడింది. శీతాకాలానికి అవి కూడా చీలాయి. జనవరి సమావేశంలో ఆ ఎనిమోన్ పిల్లల్ని, ఆరు నెలల టెస్టు రీడింగులు పుస్తకంలో రాసి తెచ్చిన సభ్యులకు, చప్పట్ల మధ్య అందించాం. ఒక్కటి కూడా సముద్రం నుంచి తీసినది కాదు.

ఆ రోజు ముఖ్య అతిథిగా వచ్చిన విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకులవారు ఎడిన్‌బరో ‘గ్రానీ’ గురించి చెప్పారు. ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ డాలియెల్ 1828లో స్కాట్లాండ్ తీరంలో సేకరించిన ఎనిమోన్ అది. ఆయన 1851లో పోయారు. అది మాత్రం చేతులు మారుతూ 1887 దాకా గాజు జాడీలోనే బతికింది. నీళ్ళు మార్చే పని ఎవరో ఒకరు తప్పకుండా చేశారన్నమాట. అయితే ఆ జాతికి శైవలాలు లేవు, బలమైన వెలుతురు అక్కర్లేదు. మన బబుల్ టిప్‌ని జాడీలో పెట్టాలని ఎవరూ అనుకోవద్దు.

నీళ్ళు మార్చే పని దగ్గరే నాకు బాధ. సంఘం ట్యాంకుకు డ్యూటీ పట్టిక వేస్తే పేర్లు నిండాయి, మనుషులు రాలేదు. తుఫాను రాత్రి కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపులు పట్టుకుని వచ్చింది ఎప్పుడూ వచ్చే ఆ నలుగురే. జనవరిలో ఫోటోలకు మాత్రం హాలు చాలలేదు. ఇలా రాస్తే కొందరికి కోపం రావచ్చు, కానీ రాయక తప్పదు.

రాళ్ళ మధ్య మడుగుల్లో ఎనిమోన్లను పీకవద్దని తీరంలో బోర్డు పెట్టమని సంబంధిత కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. గుర్తు చేస్తూ ఉత్తరాలు రాశాం. అధికారి మారారు, ఫైలు కనబడలేదు, బోర్డు రాలేదు. పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. అవి ఎవరైనా అమ్మజూపితే కొనవద్దని సభ్యులకు మరోసారి మనవి.

కృతజ్ఞతలు: మేడమీద గది అద్దె లేకుండా ఇచ్చిన ఎంవీపీ కాలనీ దంపతులకు, ట్యాంకు స్టాండు ఉచితంగా వెల్డింగ్ చేసిపెట్టిన గాజువాక మిత్రుడికి, టెస్ట్ కిట్లు కొనిచ్చిన డాక్టరుగారికి, కార్డుకు బొమ్మలు వేసిన ఇంటర్ విద్యార్థినికి, ప్రతి సమావేశానికీ టిఫిన్లు పంపిన అమ్మలకు, తుఫాను రాత్రి వచ్చిన ఆ నలుగురికీ సంఘం రుణపడి ఉంది.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారిగారి దగ్గర చూసుకోవచ్చు. సాల్ట్ మిక్స్ ఖర్చు పెరిగింది, చందా బకాయిలు ఉన్నాయి, దయచేసి ఈ రోజే కట్టండి.

వచ్చే సంవత్సరానికి డ్యూటీ పట్టిక తలుపు పక్కన బల్లమీద ఉంది. వరుసగా రెండుసార్లు రానివారికి ఎనిమోన్ పిల్ల కేటాయించకూడదన్న ప్రతిపాదనను సభ ఆమోదం కోసం ఉంచుతున్నాను.

భవదీయ,
కార్యదర్శి