రెండేళ్ల అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర పంతొమ్మిదేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఐటీ గురించి నాకు తెలిసిందల్లా నా ప్రింటర్‌లోంచి బయటికొచ్చే రెజ్యూమెలే. నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకడం లేదని కంపెనీల పెద్దలు అంటున్న మాట పొద్దున్నే మీ పత్రికలో చదువుతాను. మధ్యాహ్నానికల్లా నా కౌంటర్ ముందు పాతికమంది బీటెక్‌లు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని నిలబడి ఉంటారు. "ఫ్రెషర్స్‌కి ఓపెనింగ్సే లేవంకుల్" అన్నది వాళ్ల మాట.

కిందటి నెల జరిగింది చెబుతాను. సూర్యాపేట వైపు కుర్రాడు, 2023 పాసవుట్, ఎస్ఆర్‌నగర్ హాస్టల్లో ఉంటాడు. మొదటిసారి వచ్చినప్పుడు అతని రెజ్యూమె ఒక్క పేజీ. ఆ తర్వాత రెండు కోర్సుల సర్టిఫికెట్లు చేరి రెండు పేజీలైంది. ఈసారి తెరిచి చూస్తే మూడు పేజీలు, బెంగళూరులో ఏదో కంపెనీలో రెండేళ్ల అనుభవం! "బెంగళూరు ఎప్పుడు వెళ్లావయ్యా?" అన్నాను. తల వంచుకున్నాడు. ఆ రెండేళ్లూ మా పక్క బండి దగ్గర టీ తాగుతూ నా కళ్లెదుటే ఉన్నాడు మరి. దొంగ పేస్లిప్పులు, ఉద్యోగం మానేసినట్టు కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ తయారుచేసి ఇవ్వడానికి ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర తీసుకున్నారట. వాళ్ల నాన్న అప్పు తెచ్చి కట్టాడు. నేను ప్రింట్ తీయనన్నాను. పక్క షాపులో తీయించుకున్నాడు.

అతను చేసింది తప్పే. పీఎఫ్ ఖాతాలో ఆ కంపెనీ జమలు లేవని చూసి పట్టుకుంటే వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది, ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ నేరుగా ఇంటర్వ్యూకి రమ్మనే వాక్‌ఇన్ ప్రకటనలు నేనూ చూస్తున్నాను కదా, "కనీసం రెండేళ్ల అనుభవం" అని లేనిది అరుదు. అందరూ అనుభవం ఉన్నవాళ్లే కావాలంటే ఆ మొదటి రెండేళ్లు ఇచ్చేదెవరు?

నేను షాపు పెట్టిన కొత్తలో ఐటీ కంపెనీలు మెకానికల్, సివిల్ చదివినవాళ్లను కూడా తీసుకుని, మూడు నాలుగు నెలలు జీతమిచ్చి మరీ పని నేర్పేవి. ఆ నేర్పే పని ఇప్పుడు మా వీధిలోని కోచింగ్ సెంటర్ల మీద పడింది. కోర్సుల్లో జావా పోయి హడూప్ వచ్చింది, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఎటు చూసినా ఏఐ ఫ్లెక్సీలే. కొన్నిచోట్ల బోర్డు మారింది కానీ పాఠం చెప్పే సారు మారలేదు.

కంపెనీల వాదనను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులు స్పైరల్ బైండింగ్ చేసేది నేనే. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు మార్చి అదే రిపోర్టు నాలుగు కాలేజీల పిల్లలు తెచ్చిన సందర్భాలున్నాయి. అలాంటివాళ్లకు రేపట్నుంచే కోడ్ రాయమని సీటిస్తే కంపెనీకి నష్టమే. అందుకే ముందు జీతమిచ్చి నేర్పమంటున్నాను.

నేనేమీ కొత్త చట్టం అడగడం లేదు. స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌ల కోసం 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉండనే ఉంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిగ్రీ, ఇంజినీరింగ్ చేసినవాళ్ల స్టైపెండ్‌లో కొంత కేంద్రమే భరించే పథకమూ ఉంది. 2022-23 నాటికే తెలంగాణ ఐటీలో 9 లక్షలకు పైగా ఉద్యోగులున్నారని ప్రభుత్వ నివేదిక చెప్పింది. అందులో రెండున్నర శాతమంటే 22,500 మంది. చిన్న కంపెనీలను పక్కన పెట్టినా వేలల్లోనే ఉంటారు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక్కడంటే ఒక్కడు కూడా "అప్రెంటిస్‌గా చేరానంకుల్" అని చెప్పగా నేను వినలేదు.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఏ ప్రభుత్వం వచ్చినా ఐటీకి స్థలాలు, రాయితీలు ఇస్తూనే ఉంది. ఇవ్వనీయండి, ఊరు పెరిగింది, నా షాపూ నడిచింది. అయితే రాయితీ తీసుకున్న ఏ కంపెనీ ఏటా ఎంతమంది అప్రెంటిస్‌లను పెట్టుకుంది, వాళ్లలో ఎంతమందిని ఉద్యోగంలోకి తీసుకుంది అన్న లెక్కను ప్రభుత్వం పేర్లతో సహా బయటపెట్టాలి. స్కిల్ యూనివర్సిటీ పెట్టారు, సంతోషం. కాకపోతే కోర్సులకు మా అమీర్‌పేటలో ఎప్పుడూ కరువు లేదు.

మీ విలేకరులు ఆ లెక్క అడిగి సంపాదించి ఒక్కరోజు మీ పత్రికలో వేయండి. ఆ పేజీకి ఎన్ని జిరాక్సులు కావాలంటే అన్ని తీసి, నా కౌంటర్ దగ్గర ఊరికే పంచిపెడతాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
అమీర్‌పేట, హైదరాబాద్