అరవై దాటినవాళ్ళకు గొడుగు, యాభై ఏడు వాళ్ళకు వాన: ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి,

నమస్కారాలు. నేను విజయవాడలో ఆరోగ్య బీమా పాలసీలు అమ్ముకుని బతికే ఏజెంటుని. దేశంలో బీమా కంపెనీలను నియంత్రించే మీ సంస్థ ఆఫీసు ఉన్నది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో. తెలుగు ఉత్తరం చదివి చెప్పేవాళ్ళు మీ దగ్గర తప్పకుండా ఉంటారన్న ధైర్యంతో నా భాషలోనే రాస్తున్నాను.

2024 నుంచి మీ సంస్థ పాలసీదారుల తరఫున చాలా నిబంధనలు తెచ్చింది. 65 ఏళ్ళు దాటితే కొత్త పాలసీ ఇవ్వబోమనే అడ్డు తీసేశారు. పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే వెయిటింగ్ పీరియడ్ నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకు దించారు. అవి వచ్చినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ మీ నిబంధన ఏదైనా బీమా కంపెనీ గుమ్మం దాకానే వెళ్ళగలదు. ఖర్చు పుట్టేది ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో. అక్కడ మీ మాట చెల్లదు. అందుకని మీరు ఒకరిని కాపాడినప్పుడల్లా ఆ బరువు మీ లెక్కలోకి రాని ఇంకొకరి మీదికి జరుగుతోంది. ఈ ఉత్తరం ఆ ఇంకొకరి గురించి.

2025 జనవరి 30 నాటి మీ ఉత్తర్వు సంగతే చూడండి. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా మిమ్మల్ని సంప్రదించాలన్నారు. వాళ్ళ పాలసీలను మార్కెట్లోంచి తీసేయాలన్నా అంతే. మంచి ఉత్తర్వే. పేపర్లలో వచ్చిన రోజున నా ఫోన్ ఆగలేదు, "ఇక మనకు పది శాతమేగా?" అని.

నా క్లయింటు ఒకాయన ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకు 57, వాళ్ళావిడకు 54. ఇద్దరికీ కలిపి పది లక్షల ఫ్లోటర్. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు. నిరుడు పన్ను కాక 38 వేలు కట్టారు. ఈసారి రెన్యూవల్ నోటీసులో 49 వేలు ఉంది. నన్ను పిలిపించి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం బల్ల మీద పెట్టి అడిగారు.

"ఏమయ్యా, పది శాతమేనని పేపర్లో రాశారు కదా?"

"అది అరవై దాటినవాళ్ళకండీ మాస్టారూ."

"అంటే అరవై వచ్చేలోపు పిండుకోవాల్సింది పిండుకుని, ఆ తర్వాత జాలి చూపిస్తారన్నమాట!"

నాకు జవాబు దొరకలేదు. లెక్కల మాస్టారు కదా, మిగతా లెక్క ఆయనే వేశారు. ప్రీమియం 49 వేల దగ్గరే ఆగి అరవై నిండాయనుకుందాం. అక్కడి నుంచి ఏటా పది శాతం చొప్పున పెరిగినా ఏడేళ్ళకు 95 వేలు దాటుతుంది. మీ ఉత్తర్వును ఎవరూ అతిక్రమించకుండానే 67 ఏళ్ళ రిటైర్డ్ మాస్టారి ప్రీమియం దాదాపు రెట్టింపవుతుంది. ఆయనకు వచ్చే పీఎఫ్ పెన్షన్ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కంపెనీని తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. కానీ వాళ్ళ ప్రీమియం లెక్క క్లెయిముల మీదే నడుస్తుంది. ఆసుపత్రి ఖర్చు ఏటా పెరుగుతుంటే, ఎక్కువ క్లెయిములొచ్చే వయసువాళ్ళ దగ్గర పెంచే వీలు తగ్గితే, ఆ లోటు ఎక్కడో పూడాలి. దుప్పటి తల మీదికి లాక్కుంటే కాళ్ళు బయటపడ్డట్టు, అది యాభైల్లో ఉన్నవాళ్ళ మీద పడుతోందని నా పుస్తకంలోని రెన్యూవల్స్ చూస్తే అనిపిస్తోంది. నా పుస్తకం చిన్నది. దేశం మొత్తం లెక్క ఉన్నది మీ దగ్గరే. నలభై ఐదు నుంచి అరవై లోపు వాళ్ళకు ఏ పాలసీ మీద ఏ ఏడాది ఎంత పెరిగిందో ప్రజలకు కనపడేలా పెట్టండి. నా అనుమానం తప్పని తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

ఇంకో సంగతి కాగితం మీద కనపడదు. వయసు అడ్డు తీసేశారు సరే. డెబ్బై ఏళ్ళ పెద్దాయన ప్రపోజల్ పట్టుకెళ్తే కాదని ఎవరూ అనరు. ఒక కంపెనీ బిల్లులో కొంత మీరే కట్టాలని కో-పే పెడుతుంది, ఇంకొకటి ప్రీమియం మీద అదనంగా లోడింగ్ వేస్తుంది, మరొకటి మెడికల్ టెస్టులన్నీ చేయించి చివర్లో "రిగ్రెట్" అని మెయిల్ పంపుతుంది. మాకేమో బ్రాంచి మీటింగుల్లో నోటిమాటగా, "పెద్దవాళ్ళ కేసులు కాస్త తగ్గించండి బాబూ" అంటారు. నేను పనిచేసే చోట సీనియర్ల పాలసీ మీద కమీషన్ కూడా తగ్గించారు. ఆ నోటిమాట ఏ సర్క్యులర్లోనూ ఉండదు కాబట్టి మీ తనిఖీకి దొరకదు.

ఇక మూడు గంటల గడియారం. 2024 మే 29 నాటి మీ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, డిశ్చార్జికి అనుమతి కోరుతూ ఆసుపత్రి అభ్యర్థన పంపాక కంపెనీ మూడు గంటల్లో తేల్చాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ సొమ్ము కంపెనీ తన వాటాదారుల నిధిలోంచి కట్టాలి. చదివితే ముచ్చటేస్తుంది. సూర్యారావుపేటలోని ఆసుపత్రుల వీధిలో ఆ మూడు గంటలు ఎలా గడుస్తాయో చెబుతాను.

పొద్దున పదింటికి రౌండ్స్‌కొచ్చిన డాక్టరు, "ఇవాళ ఇంటికెళ్ళిపోవచ్చమ్మా" అంటారు. ఇంటావిడ ఫ్లాస్కు, దుప్పటి, మిగిలిన బత్తాయిలు సంచిలో సర్దేసుకుంటుంది. ఫైలు వార్డు నుంచి ఫార్మసీకి వెళ్తుంది, వాడని మందులు వాపసు లెక్క కట్టడానికి. అక్కడి నుంచి బిల్లింగుకు, తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ టైపు కోసం ఇంకో గదికి. చివరికి ఇన్సూరెన్స్ డెస్కు కుర్రాడు పోర్టల్లో ఎక్కించేసరికి సాయంత్రం నాలుగు. మీ గడియారం మొదలయ్యేది అప్పుడు. అంతకుముందు పోయిన ఆరు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. ఆరున్నరకు కంపెనీ నుంచి క్వెరీ వస్తుంది, ఓటీ నోట్స్ పంపమనో, స్టెంట్ స్టిక్కర్ సరిగ్గా కనపడట్లేదనో. ఆసుపత్రి ఏడున్నరకు జవాబిస్తుంది. గడియారం మళ్ళీ మొదటి నుంచి. అనుమతి వచ్చేసరికి రాత్రి పదవుతుంది. ఈలోగా గది అద్దె ఇంకో రోజుకు పడుతుంది. "ఎందుకండీ ఈ బాధ, కట్టేసి వెళ్ళిపోండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి" అని కౌంటర్లో సలహా కూడా ఇస్తారు. నలుగురిలో ఒకరు నిజంగానే కార్డు తీసి గీకేస్తారు.

రికార్డులో చూస్తే కంపెనీ రెండుసార్లూ మూడు గంటల లోపే స్పందించింది. మీకొచ్చే రిపోర్టు శుభ్రంగా ఉంటుంది. పైగా నాదొక అనుమానం. గడువు పెట్టాకే ఈ క్వెరీల రివాజు ముదిరింది. తీరిగ్గా చూసి ఒకేసారి అడగాల్సినవి, గంట కొట్టకముందే ఏదో ఒకటి పంపించెయ్యాలన్న తొందరలో ముక్కలు ముక్కలుగా అడుగుతున్నారు.

మారటోరియం కథా అలాంటిదే. ఎనిమిదేళ్ళ గడువును ఐదేళ్ళకు తగ్గించి, అరవై నెలలు ఆగకుండా ప్రీమియం కట్టినవాడిని, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచావని అడగకూడదన్నారు. ఆరో ఏట ఉన్నవాడికి అది వరం. మూడో ఏట క్లెయిమ్ పెట్టినవాడి పని చెప్పండి. ఐదేళ్ళు దాటితే అడిగే వీలుండదు కాబట్టి ఉన్న గడువులోనే తవ్వడం ఎక్కువైంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడుగుతారు, "షుగర్ ఎన్నాళ్ళుగా ఉంది?" తండ్రిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి చెమటలు కక్కుతున్న కొడుకు "ఓ పదేళ్ళుంటుందండీ" అంటాడు. నిజానికి షుగర్ బయటపడింది రెండేళ్ళ కిందట, పాలసీ తీసుకున్నాక. ఆ "పదేళ్ళు" కేస్ షీటు మొదటి పేజీలో పడుతుంది. కంపెనీ ఇండోర్ కేస్ పేపర్లు తెప్పించుకున్నాక అదే సాక్ష్యం. క్లెయిమ్ తిరస్కరణ, దాంతోపాటు పాలసీ రద్దు. కంగారులో అన్న ఒక్క మాటను పట్టుకుని క్లెయిమ్ కొట్టెయ్యకూడదని, పాత ప్రిస్క్రిప్షనో ల్యాబ్ రిపోర్టో చూపించాల్సిందేనని మీరు ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. అది మీ చేతిలో పనే.

జీఎస్టీ మీ పరిధి కాదని తెలుసు, అందుకే క్లుప్తంగా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం పన్ను పూర్తిగా పోయింది. కట్టేవాళ్ళకు ఊరటే. దాంతోపాటు కంపెనీలకు, తాము కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే ఇన్‌పుట్ క్రెడిట్ కూడా పోయింది. ఆఫీసు అద్దె మీద, సాఫ్ట్‌వేర్ మీద, కమీషన్ మీద కట్టే పన్ను ఇప్పుడు వాళ్ళకు ఖర్చే. అందులో కొంత మా కమీషన్లోంచి కోసుకున్నారు. మిగతాది రేపటి ప్రీమియంలో కలవదని ఎవరు హామీ ఇవ్వగలరు? నా కమీషన్ కోసం ఏడుస్తున్నానని మీరనుకోవచ్చు. కొంత అదీ ఉంది. కానీ ఈ మినహాయింపు గ్రూపు పాలసీలకు లేదు. మా వన్‌టౌన్‌లో పదిమంది పనివాళ్ళకు పాలసీ తీసుకున్న బట్టల షాపు సేటు ఈరోజుకీ 18 శాతం కడుతున్నాడు. ఈ సంగతి ఆర్థిక శాఖకు మీరు చెబితేనే విలువ.

అసలు ముడి ఆసుపత్రి దగ్గర ఉందని మీకూ తెలుసు. ఏ రిసెప్షన్లోనైనా పేరు తర్వాత అడిగే ప్రశ్న "ఇన్సూరెన్స్ ఉందా?" అనేదే. అదే డాక్టరు చేసే అదే ఆపరేషన్‌కు ప్రభుత్వ వైద్య సేవ కార్డుకు ఒక రేటు, చేతిలో డబ్బుకు ఒక రేటు, బీమా కార్డుకు ఇంకో రేటు. జనవరి ఉత్తర్వులోనే మీరు ఆయుష్మాన్ భారత్ తరహాలో ప్యాకేజీ రేట్లు కుదుర్చుకోమని కంపెనీలకు చెప్పారు. అవి గట్టిగా బేరమాడబోతే, 2025 ఆగస్టులో ఉత్తరాదిలో ఆసుపత్రుల సంఘం కొన్ని కంపెనీల క్యాష్‌లెస్ ఆపేస్తామంది. రేటు కట్టడి చేసి డబ్బు వేళకు ఇవ్వకపోతే ఏమవుతుందో ఆంధ్రలో మేం కళ్ళారా చూశాం. 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం ఎన్టీఆర్ వైద్య సేవ ఆపేసినప్పుడు తిప్పలు పడింది రోగులే. కాబట్టి ఆసుపత్రుల్ని బెదిరించమని నేను అడగట్లేదు. ప్రైవేటు ఆసుపత్రుల మీద అధికారం రాష్ట్రాలది, మీది కాదు.

కానీ కంపెనీకి, నెట్‌వర్క్ ఆసుపత్రికి మధ్య ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందంలో ఏముండాలో కంపెనీకి మీరు చెప్పగలరు. డాక్టరు డిశ్చార్జ్ రాసిన నిమిషం నుంచి లెక్క మొదలవ్వాలని, క్వెరీ ఒక్కసారే అడగాలని, ఆలస్యం ఎవరిదైతే ఆ రోజు గది అద్దె వాళ్ళదేనని అందులో పెట్టించండి. ఏ కాగితం ఎన్ని గంటలకు ఎటు కదిలిందో నమోదు చేయడానికి, క్లెయిమ్ కాగితాలు ఆన్‌లైన్లో నడిచే నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ ఉండనే ఉంది.

ఆ మాస్టారి రెన్యూవల్‌కు గ్రేస్ పీరియడ్ నడుస్తోంది. పది లక్షల్ని ఐదు లక్షలకు తగ్గించుకుంటే ఎంతవుతుందో చెప్పమన్నారు. కొటేషన్ పంపాను, ఇంకా ఏ మాటా చెప్పలేదు.

ఇట్లు,
ఒక ఆరోగ్య బీమా ఏజెంటు,
విజయవాడ