క్యాబేజీని వదిలేయండి, మాత్రల డబ్బా చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

థైరాయిడ్ అనగానే అందరూ క్యాబేజీ తినొద్దంటూ దాని మీద పడతారు. మొన్న మీ ఆరోగ్యం పేజీలోనూ అదే పాట. ఒంట్లో అయోడిన్ సరిపడా ఉన్నవాళ్లు ఉడికించిన క్యాబేజీ మామూలుగా తింటే వచ్చే ముప్పేమీ లేదు. నేనైతే మూడేళ్లు దాని జోలికే పోలేదు. అయినా నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) 5 నుంచి 11కి ఎక్కింది.

కారణం, మా అబ్బాయి ముచ్చటపడి కొనిచ్చిన గళ్ల డబ్బా. 'ఉదయం' గడిలో చిన్న థైరాయిడ్ మాత్ర, పక్కనే సుద్దముక్కంత క్యాల్షియం, ఓ ఐరన్ గుళిక. మూడూ ఒకే గుక్కలో మింగేసేదాన్ని. ఒక పని అయిపోయిందని తృప్తి కూడానూ! క్యాల్షియం, ఐరన్ పేగులోనే ఆ థైరాయిడ్ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయని, నాలుగు గంటల ఎడం ఉండాలని నాకెవరూ చెప్పలేదు. డోసు మాత్రం 50 మైక్రోగ్రాముల నుంచి 75కి, తర్వాత 100కి పెంచారు. చివరికి ఓ కుర్ర డాక్టరమ్మ ఆ డబ్బా తెప్పించుకుని, మూత తీసి, నవ్వేసింది.

మాత్రలు విడదీశాక మరో చిక్కు. పెంచిన మందంతా ఒంటబట్టేసరికి గుండెదడ, చేతుల వణుకు. మళ్లీ తగ్గించి, ఆరు వారాలాగి పరీక్ష చేయిస్తే అప్పుడు కుదుటపడింది.

మా చెల్లెలిది ఇంకో కథ. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మొదలుపెట్టింది. థైరాయిడ్ తక్కువున్న మనిషికి రిపోర్టులో ఎక్కువని వచ్చింది! గ్రంథికేమీ కాలేదు. బయోటిన్ మోతాదు ఎక్కువైతే కొన్ని రకాల ల్యాబ్ పరీక్షలే తప్పు చూపిస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఈ సంగతి హెచ్చరించింది. డాక్టరు చెప్పినట్టు కొన్ని రోజులు ఆపి చేయిస్తే అసలు అంకె బయటపడింది.

ఇక థైరాయిడ్‌నే కదిపే మందులూ ఉన్నాయి. గుండె లయ తప్పినవాళ్లకిచ్చే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే. లెక్కల టీచర్ని కదా, భాగించాను: 500 రెట్లు. ఒంట్లో విడిపడేది పదోవంతే అనుకున్నా, 50 రెట్లు. ఈ మందు వాడేవాళ్లకూ, మానసిక సమస్యలకిచ్చే లిథియం వాడేవాళ్లకూ థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. అలాగని భయపడి సొంతంగా మానేయకూడదు.

ఈసారి క్యాబేజీ బొమ్మకు బదులు, ఏ మాత్ర పక్కన ఏది వేసుకోకూడదో ఓ పట్టిక వేయండి. మందుల కవరు మీద 'ఉదయం 1' అని రాసిచ్చేవాళ్లు 'విడిగా, పరగడుపున' అని కూడా రాస్తే, నాకు మూడేళ్లు పట్టింది ఇంకొకరికి పట్టదు.

— ఒక రిటైర్డ్ లెక్కల టీచరు